మంగళవారం వాన

పెళ్ళయిన మొదటి నెలలోనే మా ఆయన నాకు ఒక వాన ఇచ్చారు. మాటవరసకి అనడం లేదు. ప్రతి మంగళవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి కాస్త ముందు, భీమిలి నుంచి విశాఖ దాకా తీరమంతా తడిసేంత వాన. ఒక పళ్ళెం ఉల్లిపాయ పకోడీలు ఇద్దరం తిని, రెండోసారి టీ పెట్టుకునే లోపు వెలిసిపోయేది.

'మా ఆయన' అని రాస్తుంటే నాకింకా వేళ్ళ చివర గిలిగింతలుగా ఉంటుంది. పేరు మహీధర్. నేను మాత్రం మాస్టారూ అంటాను. పెళ్ళిచూపుల్లో మా నాన్నగారు ఏం చేస్తుంటారు బాబూ అని అడిగితే, చేతిలో ఉన్న కాఫీలో చెంచా తిప్పి, మీగడ చుట్టలు చుట్టుకుంటుంటే చూపించి, "ఇదేనండీ" అన్నారు. లోపలి గదిలో నేను పైకే నవ్వేశాను. ఆ నవ్వుతోనే సంబంధం కుదిరిపోయిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆయన చదువంతా నీళ్ళూ గాలీ. పారేది కొంతసేపు బుద్ధిగా పారి, ఉన్నట్టుండి ఎందుకు సుడులు తిరిగిపోతుంది, ఆ మార్పుని సమీకరణాల్లో పట్టుకోవచ్చా అన్నదే ఆయన లోకం. సౌదామిని మేడం దగ్గర పరిశోధన చేశారు. మేడం తన ఉద్యోగకాలమంతా వాతావరణాన్ని ఎంతకు మించి ముందే చెప్పలేమో నిరూపిస్తూ గడిపారు. ఆమె దగ్గర చదివిన ఈయన, చెప్పలేకపోతే పోనీ, చెయ్యి పట్టుకుని నడిపించవచ్చు కదా అని బయల్దేరారు. మొదటి పేపరుని ఒక పత్రిక, అందంగా ఉంది గాని ఎందుకూ పనికిరాదు అని తిప్పి పంపింది. తర్వాత కొన్నేళ్ళు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, వెనక బెంచీల్లో నిద్రపోయే పిల్లలకి లెక్కలు చెప్పారు. భీమిలి దారిలో కొండ మీద ప్రవాహ కేంద్రం పెట్టి, మేడంని డైరెక్టరుగా వేసినప్పుడు ఆమె మొదట పిలిచింది ఈయన్నే.

మా పెళ్ళి కూడా ఆ కొండ మీదే, క్వార్టర్ల వెనక షామియానా వేసి చేశారు. ఆయన అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు మరి. ఆ సంగతి ముందే చెప్పారు. రోజూ సాయంత్రం ఒక్క పావుగంట పని ఉంటుందండీ, అది మాత్రం తప్పదు అని. మా నాన్నగారు సంధ్యావందనం అనుకుని మురిసిపోయారు.

పెళ్ళి జరిగిన సాయంత్రం ఆ పావుగంట వచ్చేసరికి మా కొంగులు ఇంకా ముడి వేసే ఉన్నాయి. విప్పడానికి మా అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. ఇంకేం చేస్తాం, పసుపు బట్టలతో, బుగ్గన చుక్కతో నేను కూడా ఆయన వెనకాలే కంట్రోల్ రూముకి నడిచాను.

గది మధ్యలో నడుం లోతు గాజు తొట్టె, మెల్లగా తిరుగుతోంది. అంచున నీళ్ళని వేడి చేస్తారు, మధ్యలో చల్లబరుస్తారు. అందులో వేసిన నీలం రంగు సుళ్ళు కట్టి, విడిపోయి, మళ్ళీ సుళ్ళు కడుతోంది.

"ఇదే మన బంగాళాఖాతం. ఎంతసేపు చూసినా ఒకే రూపం రెండుసార్లు రాదు," అన్నారు ఆయన. "కానీ చూడు, మళ్ళీ పాత రూపానికే వచ్చేట్టు దగ్గరదాకా వచ్చి, తప్పిపోతుంది. ఆ తప్పిపోయే చోట చిన్నగా ఊదు."

నా చేతికి ఒక స్ట్రా ఇచ్చారు. ఊదాను. తప్పిపోబోతున్న సుడి కాస్త ఆగి, తను వచ్చిన దారిలోకే తిరిగింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, కొంగు ముడి సంగతి మరిచిపోయి గెంతాను. ఆయన తొట్టెలో పడబోయారు.

తర్వాత ఆయన తెర మీద సముద్రం పటం చూసి ఏవో అంకెలు కొట్టారు. ఎక్కడో దూరంగా, సముద్రం మీద తేలే పంపులు కొన్ని లోతు నుంచి చన్నీళ్ళు పైకి తోడాయి. ఆ పనిని వాళ్ళు మీటు అనేవారు, వీణ తీగని మీటినట్టు. ఎంతటి అస్తవ్యస్తంలోనూ తిరిగి తిరిగి తన మొదటికే వచ్చే బాటలు దాగి ఉంటాయట. ఆ బాట మీద పడ్డ గాలి తుఫానుగా ముదరదు. కానీ దాని మీద అదంతట అది నిలవదు, జారిపోతుంది. రోజూ జారబోయే చోట ఒక్క మీటు ఇవ్వాలి. కంప్యూటరు లెక్క కట్టి ప్రతి సాయంత్రం కొన్ని జవాబులు చూపిస్తుంది. వాటిలో ఏది అన్నది ఆయన ఎంచాలి. మిగతావాళ్ళకి నేర్పాలని చూశారు గాని, వాళ్ళు ఎంచిన మర్నాడు బాట సడలిపోయి ఈయన సర్దాల్సి వచ్చేది.

కాపరం మొదలైన వారంలోనే ఒక మంగళవారం వాన పడింది. వరండాలో ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని చూశాం. చినుకులు కొబ్బరాకుల మీద పడి జారుతుంటే, "ప్రతి మంగళవారం ఇలాగే పడితే ఎంత బావుంటుంది మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. మరుసటి మంగళవారం అదే వేళకి వాన పడింది. ఆపై మంగళవారం కూడా. నేను నోరు తెరిచి ఆయన వైపు చూస్తే, ఆయన చిన్నపిల్లాడిలా తల ఎగరేసి, ఇంకో పకోడీ తీసుకున్నారు.

ఆ నెలలంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. సోమవారం రోజు నిశ్చింతగా అప్పడాలు ఎండబెట్టుకునేదాన్ని. మంగళవారం ఒకే గొడుగులో క్యాంటీను దాకా నడిచేవాళ్ళం. కార్తీకంలో తుఫాను రాలేదు. ఊరంతా సంగతి తెలిసిపోయింది. జనవరికి క్యాలెండర్లలో ప్రతి మంగళవారం గడిలో చిన్న గొడుగు బొమ్మ అచ్చు వేశారు. ఉగాదికి పంచాంగాల్లో కూడా ఎక్కింది. వైశాఖంలో ముహూర్తాలు పెట్టేవాళ్ళు గొడుగు లేని రోజులు చూసి ఆరుబయట పందిళ్ళు మాట్లాడుకున్నారు. మా ఆయన పేరు మీద కేంద్రంలో ఒక ఆచార్య పీఠం పెట్టారు. శాలువాలు మా ఇంట్లో బీరువాలో పట్టకుండా పోగుపడ్డాయి.

ఆ శాలువాలు కప్పడానికి మాత్రం వాళ్ళే కొండెక్కి వచ్చేవారు. ఆయన దిగి వెళ్ళలేరు కదా.

అరకు వెళ్దాం అనుకున్నాం పెళ్ళయిన కొత్తలో. పొద్దున బండెక్కితే సాయంత్రం మీటు వేళకి తిరిగి రాలేం. మా అమ్మకి విజయనగరంలో కంటి ఆపరేషన్ అయితే నేనొక్కదాన్నే వెళ్ళాను, ఒక్క రాత్రి ఉండి వచ్చేశాను. మా పెళ్ళి విందు కూడా అలాగే వాయిదా పడింది. ఆయన పిలవాల్సిన పాత విద్యార్థులు, నేను పిలవాల్సిన స్నేహితురాళ్ళు, ఈ నెల కాదు వచ్చే నెల అంటూ వాయిదాలు విని అడగడం మానేశారు. జ్వరం వచ్చిన సాయంత్రం ఆయన్ని నేనే భుజం పట్టి కంట్రోల్ రూముకి నడిపించాను. అక్కడ ఆయన గదిలో నల్లబల్ల మీద సగంలో ఆగిన నిరూపణ ఒకటి ఉండేది, పెళ్ళికి ముందు మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ చెరపలేదు, ఆయన ముట్టుకోనూ లేదు. కొత్తగా ఒక్క పేపరు రాయలేదు. పరిశోధన విద్యార్థులు ఒక్కొక్కరే వేరే చోట్లకి వెళ్ళిపోయారు. ఆచార్య పీఠం ఎక్కిన మనిషికి రోజుకి పావుగంట పని, మిగతా రోజంతా ఆ పావుగంట గురించి భయం.

నాకు కూడా మెల్లగా ఊపిరాడకపోవడం మొదలైంది. వాన ఒక్కటే కాదు, గాలీ ఎండా కూడా వారం వారం అవే తిరిగొస్తాయి. గురువారం మధ్యాహ్నం తూర్పు గాలి వచ్చి వంటింటి కిటికీ రెక్కని కొట్టేది. మొదట్లో అదొక ఆట. "ఇప్పుడు చూడండి మాస్టారూ" అని చిటికె వేసేదాన్ని, వెంటనే రెక్క కొట్టుకునేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. శుక్రవారం ఉక్కపోతకి ఇద్దరికీ చిరాకు, శుక్రవారమే పోట్లాట. శనివారం చల్లబడి శాంతించేవాళ్ళం. కొన్నాళ్ళకి, కిటికీ కొట్టుకోకముందే నా చెయ్యి దాన్ని ఆపడానికి చాచి ఉండటం చూసుకుని గతుక్కుమన్నాను. ఆ గాలి పోయిన గురువారానిదా, ఈ గురువారానిదా? ఆయన నన్ను ముద్దు పెట్టుకున్నది ఏ శనివారం? గుర్తు తెచ్చుకోవాలని చూస్తే అన్ని శనివారాలూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉన్నాయి.

మా ఇంట్లో పనికి కింద పేట నుంచి పైడితల్లి వచ్చేది. నవ్వకుండా నవ్వించే మనిషి. వాళ్ళాయన వేటకి వెళ్తాడు. చేపలు ఆ నీళ్ళు వదిలి పోతున్నాయని, గడగడలాడించే చల్లటి నీళ్ళు వలకి తగులుతున్నాయని చెప్పింది. పంపుల చప్పుడు కూడా రాను రాను ఒడ్డు దాకా వినిపిస్తోందట. నేను ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన విన్నట్టే లేరు.

చైత్రం చివర్లో ఒక మంగళవారం, వాన మొదలయ్యే వేళకి ఆయన కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. పకోడీలు ముట్టుకోలేదు. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, ఏమైంది అని అడిగాను.

"ఆ బాటకి తన సొంత కొలత ఒకటి ఉంది హైమా. అది వారం కాదు, వారానికి కొంచెం తక్కువ. దాని మానాన దాన్ని తిరగనిస్తే వాన మంగళవారం నుంచి సోమవారానికి, అక్కణ్ణుంచి ఆదివారానికి జరుగుతూ పోతుంది. అలా పోనిస్తే గుక్కెడు నీళ్ళ మీటు చాలు. నేను దాన్ని సాగదీసి వారం చేశాను."

"ఎందుకు?"

"నువ్వు అడిగావు కదా."

బయట వాన చప్పుడు. నేను అన్నది సరదాకి అన్నాను. ఆయనా సరదాకే మొదలుపెట్టారట, ఒక్క నెల అనుకుని. నా మొహం చూసి ఇంకో నెల. ఈలోపు క్యాలెండర్లు అచ్చయిపోయాయి. ప్రతి వారం దాన్ని లాగి పట్టుకోవడానికి మీటు పెరుగుతూ వచ్చింది. పంపులు ఇప్పుడు గుక్కెడు కాదు, నదులు తోడుతున్నాయి. పైన చల్లబెట్టిన సముద్రం అడుగున వేడిని దాచుకుంటోంది. మామూలుగా అయితే చిన్నా పెద్దా వాయుగుండాలు వచ్చి ఆ వేడిని మోసుకుపోతాయి. వాటిని రానివ్వకుండా ఆయనే కట్టేశారు.

"ఇప్పుడు తన కొలతకి తనని వదిలెయ్యకూడదా?"

"ఆ బాట ఇప్పుడు అక్కడ లేదు. అంత దూరం లాగేశాను." ఆయన తన అరచేతులు చూసుకున్నారు. "పట్టుకుంటే పెరుగుతుంది. వదిలితే వస్తుంది. ఎంత ఆలస్యం చేస్తే అంత పెద్దది."

ఆయన తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన మీద కోపం రావాలని ప్రయత్నించాను కూడా, రాలేదు. ఇంత పెద్ద సముద్రాన్ని నా ముచ్చట కోసం వంచిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. భయం మాత్రం వేసింది.

మర్నాడే ఆయన మేడంకి చెప్పారు, మేడం కేంద్రాన్ని నడిపే మండలికి చెప్పారు. మండలి కార్యదర్శి పట్నాయక్ గారు మంచి మర్యాదస్తులు, ఎవరి మాటా కాదనరు, దేనికీ ఔననరు. పెళ్ళిళ్ళ కాలం అయ్యేదాకా ఆగమన్నారు. తర్వాత సెలవుల్లో వచ్చే జనం. ఆ తర్వాత ఏదో ప్రారంభోత్సవం. తుఫాను తప్పదని ఈయన పటాలు చూపించి చెబితే, పట్నాయక్ గారు, తప్పదంటే సరే గాని, మన తీరం మీద కాకుండా ఇంకెటైనా పంపగలరా అని అడిగారట.

అన్నం ముందు కూర్చుని ఆయన ఆ సంగతి చెప్పారు. "నేనేమీ మాట్లాడలేదు హైమా. ఎందుకంటే పంపగలను."

కంచం ముట్టకుండానే లేచిపోయారు.

ఆదివారం పొద్దున్న మేడం మా ఇంటికి వచ్చారు. పొట్టి తెల్ల జుట్టు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. వస్తూనే వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో మిగిలిన ఉప్మా తనే పెట్టుకుని తింటూ మాట్లాడారు. ఇప్పుడు వదిలితే ఓ మోస్తరు తుఫాను, కార్తీకం దాకా లాగితే ఈ తీరంలో ఊళ్ళ పేర్లు చెప్పుకోవడమే మిగులుతుంది అన్నారు. మండలి అనుమతి ఈ జన్మలో రాదని కూడా అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగారు.

"తుఫాను ఎక్కడ తీరం దాటాలో నీ చేతిలో ఉందా?"

"చివరి మీటు దాకా ఉంటుంది మేడం. అది ఇచ్చాక కూడా, ఒడ్డుకి దగ్గరయ్యేదాకా ఇంకో మీటుతో పక్కకి నెట్టొచ్చు. ఆ తర్వాత ఉండదు."

"మరైతే ఎంచు."

"ఏ ఊరిని ఎంచమంటారు?" అన్నారు ఆయన. "నేను లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఇంటి కప్పులు ఎంచడం నాకు ఎవరూ నేర్పలేదు."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఎసరు పొంగుతోంది. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు గాని, వచ్చాక మాత్రం అదే సరైనదని తెలిసింది.

"మన ఊరినే ఎంచండి. ఇక్కడైతే ఇంటింటికీ వెళ్ళి చెప్పగలం. తెలియని ఊరికి పంపి మనం ఇక్కడ టీ తాగలేం కదా."

మేడం ఉప్మా నములుతూ నన్ను చూశారు. "లెక్క కుదురుతుంది," అన్నారు. "ఈ పిల్లని కేంద్రంలో వేసుకుని ఉండాల్సింది నేను."

కింద పేటకి ఆనుకుని పాత తుఫాను షెల్టరు ఉంది. గట్టి కట్టడం, కిటికీలకి ఇనప రెక్కలు. తుఫాన్లు రావని నమ్మకం కుదిరాక దాన్ని షామియానా సామాను పెట్టుకోవడానికి అద్దెకిచ్చేశారు. నేను పైడితల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి చూశాను, దారిలో ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. వాన ఎవరి కోసం పుట్టిందో కూడా చెప్పాను. ఆమె నడక ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మా మావ నాకు పెళ్ళయినప్పుడు జడకి రిబ్బన్లు ఒట్టుకొచ్చినాడు. అదే నయం," అంది.

ఊళ్ళో అందరికీ తుఫాను సంగతి చెప్పి, ఆయన లెక్క ప్రకారం అది ఒడ్డు దాటే బుధవారానికి షెల్టరులోకి రమ్మందామా అని అడిగాను.

"తుపానని సెప్తే ఎవులొస్తారమ్మా? నవ్వీసి పొడుకుంటారు. మొన్న రేడియోలో ఏదో సెప్తే మావోలు ఆపీసినారు." షెల్టరులో పేర్చిన కుర్చీల వైపు, వంట డేగిసాల వైపు చూసింది. "బోయినమని సెప్పండి. మీ పెళ్ళి బోయినం ఎట్టనేదు కదా. ముసిలోలు కూడా మంచం దిగొచ్చీస్తారు. వచ్చి కూకున్నాక తలుపేసీసి, అప్పుడు సెప్దాం."

అలా మా పెళ్ళి విందు ఖాయమైంది.

ఆదివారం సాయంత్రమే ఆయన చివరి మీటు ఇచ్చారు. నేను పక్కనే నిలబడ్డాను. పెద్ద హడావుడేం లేదు, మామూలుగానే అంకెలు కొట్టి, తెర ఆపి, కళ్ళజోడు తుడుచుకున్నారు. సోమవారం సాయంత్రం ఆయనకి పని లేదు. ఆ పావుగంటా ఏం చెయ్యాలో తెలియక ఇల్లంతా తిరిగారు. చివరికి నాతో పాటు కూర్చుని చిక్కుడుకాయలు వలిచారు. ఎంత బాగా వలిచారో.

మంగళవారం వాన పడలేదు. ఊరంతా గొడుగులు పట్టుకుని రోడ్డెక్కి, పొడి ఆకాశం వైపు చూస్తూ నిలబడిందట. దుకాణాల దగ్గర పకోడీల పిండి కలిపి పెట్టుకున్నవాళ్ళు కేంద్రానికి ఫోన్ చేసి దెబ్బలాడారు. పట్నాయక్ గారు మాత్రం మా ఆయన్ని మర్యాదగానే అడిగారు, ఇంకా పడలేదేం డాక్టరు గారూ అని. ఆ తర్వాత హెచ్చరికలు మొదలయ్యాయి, వాయుగుండం పుట్టిందని, ఇటే వస్తోందని. పైడితల్లి చెప్పినట్టే జరిగింది. ఎవరూ చెవిన పెట్టలేదు. మేడం ఒక్కరే ఫోన్ పట్టుకుని, తెలిసిన ప్రతి పడవ యజమానినీ తిట్టి మరీ ఒడ్డుకి రప్పించారు.

బుధవారం మధ్యాహ్నానికి గాలి మొదలైంది. అది ఏ బుధవారం గాలీ కాదు. వరండాలో నిలబడి, చెయ్యి చాచి, అది ఎటు నుంచి వస్తుందో, మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియక, భయపడుతూనే నేను ఒళ్ళంతా పులకరించిపోయాను. ఈ మాట ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

పేట మొత్తం వచ్చింది. కొత్త చీరలు, తలనిండా పువ్వులు, చంకల్లో పిల్లలు. కొండ మీద క్వార్టర్ల వాళ్ళని మేడం బలవంతాన దించుకొచ్చారు. గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర, పులిహోర, బూరెలు. నేను పెళ్ళి పట్టుచీర కట్టుకున్నాను. మా ఆయన పంచె ఎగ్గట్టి, పులుసు బకెట్టు పట్టుకుని వడ్డనకి దిగారు. ముసలమ్మలు ఆయన్ని పెళ్ళికొడకా అని పిలిచి మళ్ళీ మళ్ళీ పోయించుకున్నారు. మొదటి పంక్తి సగంలో ఉండగా పైడితల్లి మొగుడు ఇనప తలుపులు మూసి, గడియ వేశాడు. అప్పుడు మా ఆయన నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పారు. ఇది తన చేతులతో తెచ్చిందని కూడా చెప్పారు.

ఒక పెద్దాయన విస్తరి ముందు నుంచి లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి, ఇనుముకి చెవి ఆనించి విని, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అన్నం కలపలేదు.

అప్పుడే తలుపు బాదారు. పైడితల్లి మొగుడు సందు చేసి చూస్తే బయట జీపు. పట్నాయక్ గారు, తడిసి ముద్దయి, చెప్పుల్లేకుండా లోపలికి పడ్డారు. ఆయన అన్నది ఒకటే మాట. ఇంకా టైముంది, కంప్యూటరు జవాబు చూపిస్తోంది, పైకి వస్తే ఒక్క మీటుతో దీన్ని పక్కకి నెట్టొచ్చు, జీపు తయారుగా ఉంది.

అది నిజమని మా ఆయన మొహంలో కనిపించింది. సాయంత్రం అయింది. రోజూ ఆయన కొండెక్కే వేళ. చేతిలో బకెట్టు ఒరిగి, పులుసు అంచు దాటి చింది ఆయన పాదాల మీద పడింది. ఎదురుగా విస్తళ్ళ ముందు పిల్లలు బూరెలు పట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. వాళ్ళని తప్పించాలంటే ఒక్క మీటు. అవతల ఎక్కడో, ఎవరూ తలుపులు వేయని ఊళ్ళో, ఇలాంటి పిల్లలే. నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఆయన నా కోసం ఏదైనా చేసేస్తారు. నాకు అది తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నచోటే నిలబడ్డాను.

ఆయన బకెట్టు కింద పెట్టి, పక్కనున్న కట్టలోంచి ఒక విస్తరి తీసి పరిచారు. నీళ్ళు చల్లారు.

"కూర్చోండి సార్," అన్నారు. "వేడిగా ఉంది. తినండి."

పట్నాయక్ గారు జీపు వైపు చూశారు. సందులోంచి గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి దొన్నెలన్నీ ఎగరగొట్టింది. పైడితల్లి మొగుడు మళ్ళీ గడియ వేశాడు. పట్నాయక్ గారు కూర్చున్నారు.

తర్వాత మాటలు వినపడలేదు. గోడలు మూలిగాయి. కొండ మీద ఏదో పెద్దది విరిగి దొర్లుతూ వచ్చింది. మా ఇంటి కప్పు అయి ఉంటుందని మేడం నా చెవిలో అరిచారు. ఒడ్డు వైపు నుంచి పడవలు ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు, ఆ తర్వాత చెక్కలు చీలిన చప్పుడు. పైడితల్లి మొగుడు కళ్ళు మూసుకున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో ఒళ్ళో పిల్లకి బూరె తుంచి పెడుతూనే ఉంది. రేపు మమ్మల్ని వాళ్ళు ఏమంటారో, కేంద్రం ఏమవుతుందో, ఈయనకి ఇంకెవరైనా ఒక నల్లబల్ల ఇస్తారో లేదో, అవేవీ ఆ గదిలో ఆలోచించడానికి లేదు. అందరం ఒకళ్ళ భుజాలు ఒకళ్ళం పట్టుకుని నేల మీద కూర్చున్నాం. ఆయన నా పక్కకి వచ్చి గోడకి జారబడ్డారు. చేతులు పులుసు వాసన వేస్తున్నాయి. అప్పుడు ఆ చేతిని పట్టుకున్నాను.

గాలి కాస్త తగ్గినట్టు తగ్గి, మళ్ళీ లేచింది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ముందుకి వంగి మా ఆయన మోకాలు తట్టింది.

"ఇది ఎప్పుడాగుతాది బాబూ? తెల్లారేకా?"

ఆయన నోరు తెరిచారు. ఇన్నాళ్ళుగా ఎవరు ఏ వాన గురించి అడిగినా జవాబు ఆయన నాలుక చివరే ఉండేది. ఇనప రెక్కల అవతల హోరు వింటూ, ఆయన తల ఒక పక్కకి వంచారు, నల్లబల్ల ముందు కొత్త లెక్క చూసే మనిషిలా.

"తెలీదమ్మా," అన్నారు. "నిజంగా తెలీదు."

ఆమె ఓ క్షణం ఆయన మొహం చూసి, చెంగుతో ఆయన నుదుటి మీద చెమట తుడిచి, దగ్గరికి జరిగి కూర్చుంది.